కంప్యూటర్ తెర మీద పసుపు చీటీ: స్టిక్కీ నోట్స్‌ని పనికొచ్చేలా వాడుకోవడం ఎలా?

ఈ ఎపిసోడ్ ఒక చిన్న యాప్ గురించి. మీ విండోస్ కంప్యూటర్‌లో అది ఇప్పటికే ఉండి ఉంటుంది. డబ్బులు కట్టక్కర్లేదు, నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. పేరు స్టిక్కీ నోట్స్. తెర మీద పసుపు చీటీలాగా కనిపిస్తుంది కదా, అదే. "ఓస్, ఇంతేనా! దీనికో ఎపిసోడ్ ఎందుకన్నా?" అని కొంతమంది అప్పుడే వేలు స్క్రీన్ మీద పెట్టి ముందుకి జరపబోతున్నారని నాకు తెలుసు. కాస్త ఆగండి. ఈ చీటీల్లో నెలల తరబడి రాసుకున్నది ఒక్క క్లిక్‌తో పోగొట్టుకున్నవాళ్లున్నారు. చీటీ మీద రాసిన పాస్‌వర్డ్‌ని తెలియకుండానే ప్రపంచం మొత్తానికి చూపించిన ఆఫీసులున్నాయి. అవి కూడా ఈరోజు మాట్లాడుకుందాం.

ముందు మన ఫోన్ అలవాటు సంగతి చూద్దాం. ఏదైనా గుర్తుపెట్టుకోవాలంటే మనం ఏం చేస్తాం? వాట్సాప్‌లో మనకి మనమే మెసేజ్ పెట్టుకుంటాం. 2022 చివర్లో వాట్సాప్ ఆ సదుపాయం ఇచ్చింది గానీ, అంతకుముందే ఒక ఫ్రెండ్‌ని చేర్చి గ్రూపు పెట్టి, వెంటనే ఆ ఫ్రెండ్‌ని తీసేసి, ఒక్క మనిషి గ్రూపులు నడిపిన జనం మనం. లేదంటే స్క్రీన్‌షాట్. గ్యాలరీ నిండా అవే. ఎగ్జామ్ నోటిఫికేషన్, బస్సు టికెట్, ఎవరిదో అకౌంట్ నంబర్, గుత్తి వంకాయ కూర రెసిపీ. దాచుకోవడం సెకను పని. దాన్ని అవసరానికి వెతికి పట్టుకోవడం మాత్రం పెళ్లిలో గుమ్మం బయట విడిచిన చెప్పులు వెతుక్కున్నట్టే.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. మీలో చాలామంది ఇప్పుడే డిగ్రీ ల్యాబ్‌లోనో, అమీర్‌పేటలో ఏదో కోర్సులోనో, మొదటి ఉద్యోగంలోనో రోజుకి ఆరేడు గంటలు కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. పనేమో కంప్యూటర్‌లో, గుర్తులేమో ఫోన్‌లో. హాల్ టికెట్ నంబర్ చూసుకుందామని ఫోన్ తీస్తారు. పైన ఒక నోటిఫికేషన్. అది తెరుస్తారు, దాని కింద ఒక రీల్, దాని కింద ఇంకోటి. ఇరవై నిమిషాల తర్వాత ఫోన్ పక్కన పెడతారు, హాల్ టికెట్ నంబర్ చూడకుండానే. అందుకే నేను చెప్పేది ఏంటంటే, పని ఎక్కడుందో గుర్తు కూడా అక్కడే ఉండాలి.

నిజానికి కాగితం చీటీ పుట్టిందే ఈ ఆలోచనలోంచి. అమెరికాలో త్రీఎం అనే కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే శాస్త్రవేత్త 1968లో గట్టి జిగురు కోసం ప్రయత్నిస్తుంటే, గట్టిగా అంటుకోని జిగురు ఒకటి తయారైంది. అంటుకుంటుంది, కానీ లాగితే మరక లేకుండా ఊడొస్తుంది. దాన్ని ఏం చేసుకోవాలో చాలా ఏళ్లు ఎవరికీ తోచలేదు. 1974లో అదే కంపెనీలో ఆర్ట్ ఫ్రై అనే ఆయనకి ఒక చికాకు ఉండేది. చర్చిలో పాటల పుస్తకంలో గుర్తు కోసం పెట్టుకున్న కాగితం ముక్కలు పుస్తకం తెరవగానే జారిపోయేవి. ఆ జిగురు గుర్తొచ్చింది, కాగితానికి పూశాడు. 1977లో వేరే పేరుతో కొన్ని ఊళ్లలో అమ్మి చూశారు, పెద్దగా ఆడలేదు. 1980లో పోస్ట్ ఇట్ పేరుతో అమెరికా అంతా వచ్చాక జనం వదల్లేదు. పసుపు రంగు వెనక పెద్ద ఆలోచన కూడా ఏమీ లేదట. పక్క ల్యాబ్‌లో పడున్న చిత్తు కాగితాలు పసుపువి కావడమే కారణమట.

ఇందులో మనం పట్టుకోవాల్సినవి రెండే. చీటీ పని జరిగే చోట అంటుకుంటుంది. పని అయిపోగానే ఊడొస్తుంది. ఈ రెండో గుణాన్ని కంప్యూటర్‌లో వాడేవాళ్లు దాదాపు అందరూ మర్చిపోతారు. అంటించడమే తప్ప పీకడం ఉండదు. దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

కంప్యూటర్‌లోకి ఈ చీటీ మనం అనుకునే దానికంటే ముందే వచ్చింది. 1994లో యాపిల్ మ్యాక్ సిస్టమ్ 7.5లో స్టిక్కీస్ అనే పేరుతో ఉండేది. జెన్స్ ఆల్ఫ్‌కే అనే ప్రోగ్రామర్ తన ఖాళీ సమయంలో రాసుకున్న చిన్న ప్రోగ్రామ్ అది. ఇప్పటి మ్యాక్‌లలో కూడా అదే పేరుతో ఇంకా ఉంది. విండోస్‌లో ట్యాబ్లెట్ కంప్యూటర్ల కోసం ముందే ఏదో ఒక రూపం ఉన్నా, అందరికీ పరిచయమైంది మాత్రం 2009లో వచ్చిన విండోస్ 7తోనే. 2016లో విండోస్ 10 అప్‌డేట్‌తో యాప్‌ని కొత్తగా రాశారు. 2018లో మూడో వెర్షన్ వచ్చాక చీటీలు మన అకౌంట్‌తో సింక్ అవడం మొదలైంది. అంటే ఇక్కడ రాస్తే అక్కడ కనిపించడం అన్నమాట.

సరే, ఇక కంప్యూటర్ ముందుకి రండి. స్టార్ట్ నొక్కి, ఇంగ్లీషులో స్టిక్కీ అని టైప్ చేయండి. యాప్ కనిపిస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్‌కి పిన్ చేసేయండి, ఇక ప్రతిసారీ వెతకక్కర్లేదు. కొత్త చీటీ కావాలంటే కంట్రోల్ ఎన్. అక్షరాలు బొద్దుగా కావాలంటే కంట్రోల్ బి. చుక్కల లిస్టు కావాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎల్ మూడూ కలిపి నొక్కాలి. పని అయిపోయిన లైను మీద గీత కొట్టాలంటే ఆ లైను సెలెక్ట్ చేసి కంట్రోల్ టి. ఈ గీత కొట్టడం చూడ్డానికి చిన్నదే గానీ, సాయంత్రానికి నాలుగు గీతలు పడి ఉంటే మనసుకి భలే ఉంటుంది. సేవ్ బటన్ ఎక్కడా అని వెతక్కండి, లేదు. టైప్ చేస్తుండగానే సేవ్ అయిపోతుంది. చీటీ పైన మూడు చుక్కలు నొక్కితే ఏడు రంగులు వస్తాయి. ఫోటో కూడా పెట్టొచ్చు.

తెలుగులో రాయొచ్చా అంటే, శుభ్రంగా రాయొచ్చు. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో పాటు ఫొనెటిక్ కూడా ఉంటుంది. ఫొనెటిక్ అంటే మనం ఫోన్‌లో చేసినట్టే ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఒక భాష నుంచి ఇంకో భాషకి మారుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగుని రెండు నెలల తర్వాత మనమే చదువుకోలేం, అందుకని ఇది ఒకసారి పెట్టేసుకోండి.

ఇక్కడ ఒక సంగతి. ఈ మధ్య కంప్యూటర్లలో రెండు రకాల స్టిక్కీ నోట్స్ కనిపిస్తున్నాయి. పాతది ఒకటి, 2024లో వన్‌నోట్‌తో కలిపి తెచ్చిన కొత్తది ఒకటి. కొత్తదాన్ని విండోస్ కీ, ఆల్ట్, ఎస్ కలిపి నొక్కి తెరవొచ్చు. ఇందులో ఒక మంచి పనుంది. ఏదైనా వెబ్ పేజీ చూస్తూ స్క్రీన్‌షాట్ తీస్తే, ఆ ఫోటోతో పాటు అది ఎక్కడి నుంచి తీశారో కూడా చీటీలో ఉండిపోతుంది. గ్రూప్స్‌కి చదివేవాళ్లకి, ప్రాజెక్టు రిపోర్టు రాసేవాళ్లకి "ఈ పాయింట్ ఎక్కడ చదివానబ్బా" అనే తలనొప్పి తగ్గుతుంది. మిగతా వాడకం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే.

ఇప్పుడు అసలు ప్రమాదం ఉన్న చోటికి వద్దాం. చీటీ మూలన ఉండే ఇంటూ మార్కు.

విండోస్ 7 రోజుల్లో ఆ ఇంటూ నొక్కితే చీటీ డిలీట్ అయ్యేది. డిలీట్ అంటే నిజంగా డిలీట్. రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు. తర్వాత వచ్చిన యాప్‌లో అదే ఇంటూ నొక్కితే చీటీ తెర మీద నుంచి తప్పుకుంటుందంతే. లోపల లిస్టులో భద్రంగా ఉంటుంది. అర్థం మొత్తం తలకిందులైంది, గుర్తు మాత్రం అదే. దీనివల్ల రెండు రకాల జనం ఇబ్బంది పడతారు. కాలేజీ ల్యాబ్‌లోనో, ఇంట్లో నాన్నగారి పాత సిస్టమ్‌లోనో ఇంకా విండోస్ 7 ఉంటే, కొత్తదానికి అలవాటుపడిన చేత్తో అక్కడ ఇంటూ నొక్కి చీటీ పోగొట్టుకుంటారు. రెండోరకం వాళ్లు పాతదానికి అలవాటుపడి, ఇక్కడ ఇంటూ నొక్కేసి "డిలీట్ చేశాను, పోయింది" అని నిశ్చింతగా ఉంటారు. అది పోలేదు, లిస్టులోనే ఉంది. అందులో ఏ బ్యాంకు వివరాలో ఉంటే? తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకి దొరుకుతుంది.

కాబట్టి ఒకసారి చేతులారా చేసి చూడండి. పనికిరాని చీటీ ఒకటి రాసి, ఇంటూ నొక్కి, కంట్రోల్ హెచ్ కొట్టండి. లిస్టు తెరుచుకుంటుంది, మీ చీటీ అక్కడుంటుంది. డబుల్ క్లిక్ చేస్తే మళ్లీ తెర మీదకి వస్తుంది. నిజంగా తీసేయాలంటే మూడు చుక్కలు నొక్కి డిలీట్ నోట్, లేదా కంట్రోల్ డి. అప్పుడు "నిజంగా తీసేయమంటారా" అని ఒక ప్రశ్న వస్తుంది. దాని కింద "ఇక మీదట అడగొద్దు" అని ఒక గడి ఉంటుంది. దయచేసి ఆ గడిలో టిక్ పెట్టకండి. ఆ ప్రశ్న వల్ల మనకి పోయేది అర సెకను. అది లేకపోతే పోయేది చీటీ.

పొరపాటున పోయిందే అనుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి ఉంటే ఇంకా ఆశ ఉంది. ఈ చీటీలు మీ మెయిల్‌బాక్స్‌లోనే ఉంటాయి. అందుకని బ్రౌజర్‌లో అవుట్‌లుక్ తెరిచి డిలీటెడ్ ఐటమ్స్ అనే ఫోల్డర్ చూడండి. అది ఖాళీ చేసేలోపు వెళితే దొరుకుతుంది. సైన్ ఇన్ కాకుండా వాడితే చీటీలు ఆ ఒక్క కంప్యూటర్‌లో, ఒక్క ఫైల్‌లో ఉంటాయి. ఫైల్ పేరు ప్లమ్. ఎందుకు రేగుపండు పేరు పెట్టారో వాళ్లకే తెలియాలి. సిస్టమ్ స్లో అయిందని షాపుకి తీసుకెళ్తాం, ఆ అన్న "ఫార్మాట్ కొట్టమంటావా" అంటాడు, మనం ఫోటోలు, పాటలు, సర్టిఫికెట్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సరే అంటాం. చీటీలు ఎవరికీ గుర్తుండవు. అవి డెస్క్‌టాప్ మీద కనిపిస్తాయి కాబట్టి డెస్క్‌టాప్ ఫోల్డర్‌లోనే ఉంటాయనుకుంటాం. ఉండవు.

అలా వాడేవాళ్లు ఫార్మాట్‌కి ముందు చేయాల్సింది ఇది. స్టిక్కీ నోట్స్ పూర్తిగా మూసేయండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే ఒక చిన్న డబ్బా వస్తుంది. అందులో ఇంగ్లీషులో పర్సెంట్ గుర్తు, లోకల్ యాప్ డేటా అని ఖాళీలు లేకుండా, మళ్లీ పర్సెంట్ గుర్తు కొట్టి ఎంటర్ నొక్కండి. ప్యాకేజెస్ ఫోల్డర్‌లోకి వెళ్లి, పేరులో మైక్రోసాఫ్ట్ స్టిక్కీ నోట్స్ అని ఉన్న ఫోల్డర్ తెరవండి. అందులో లోకల్ స్టేట్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని ఉన్నదున్నట్టు మొత్తం కాపీ చేసుకోండి. ప్లమ్ ఫైల్ ఒక్కటే తీసుకుంటే సరిపోదా అంటే, ఈమధ్య రాసిన మార్పులు ఒక్కోసారి పక్కనున్న ఇంకో ఫైల్‌లో ఉంటాయి. అందుకే మొత్తం. ఇదంతా ఎక్కడ చేస్తాం అనుకుంటే సైన్ ఇన్ అవడమే సులువు. లిస్టులో పైన గేర్ బొమ్మ ఉంటుంది, అక్కడుంది సైన్ ఇన్.

సైన్ ఇన్ అయితే ఫోన్‌కి కూడా దారి తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా వన్‌నోట్ యాప్ వేసుకుని అదే అకౌంట్‌తో లాగిన్ అయితే, అందులో స్టిక్కీ నోట్స్ విభాగంలో మీ చీటీలు వచ్చేస్తాయి. వన్‌నోట్ డాట్ కామ్, స్లాష్, స్టిక్కీనోట్స్ అని బ్రౌజర్‌లో కొట్టినా కనిపిస్తాయి. బస్సులో వస్తూ ఫోన్‌లో రాసుకున్నది ఆఫీసులో కుర్చీలో కూర్చునేసరికి తెర మీద ఉంటుంది.

కానీ ఒక జాగ్రత్త. ఏ అకౌంట్‌తో సైన్ ఇన్ అవుతున్నారో చూసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆఫీసు అకౌంట్‌తో అయితే, చీటీలు ఆఫీసు మెయిల్‌బాక్స్‌లో చేరతాయి. ఉద్యోగం మారిన రోజు ఆ అకౌంట్ మూసేస్తారు, చీటీలూ పోతాయి. పైగా ఆ మెయిల్‌బాక్స్ మీద అజమాయిషీ కంపెనీది. అక్కడ కూర్చుని "వేరే కంపెనీలో ఇంటర్వ్యూ, గురువారం 11కి" అని పసుపు చీటీ మీద రాసుకోవడం ఎంత తెలివైన పనో మీరే ఆలోచించండి. సొంత విషయాలు సొంత అకౌంట్‌లో, సొంత ఫోన్‌లో.

ఇప్పుడు పాస్‌వర్డ్ కథ. 2018 జనవరి 13న అమెరికాలోని హవాయి రాష్ట్రంలో జనాల ఫోన్లన్నిటికీ "క్షిపణి వస్తోంది" అని తప్పుడు హెచ్చరిక వెళ్లింది. జనం వణికిపోయారు. అది జరిగాక అందరూ ఆ అత్యవసర విభాగం గురించి వెతుకుతుంటే, అంతకుముందు ఏడాది జులైలో అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు ఆ ఆఫీసులో తీసిన ఫోటో ఒకటి బయటపడింది. ఫోటోలో అధికారి వెనక కంప్యూటర్లు, ఒక తెరకి అంటించిన చీటీ. ఫోటోని పెద్దది చేసి చూస్తే చీటీ మీద పాస్‌వర్డ్. ఆ తప్పుడు హెచ్చరికకి ఈ చీటీ కారణం కాదు, అది వేరే సంగతి. కానీ ఆ పాస్‌వర్డ్ నిజమైనదేనని, లోపల వాడిన ఒక ప్రోగ్రామ్‌దని ఆ విభాగం ఒప్పుకోవాల్సి వచ్చింది. 2015లో ఫ్రాన్స్‌లో టీవీ5 మాండ్ అనే చానల్‌కి దాదాపు ఇలాంటిదే జరిగింది. హ్యాకింగ్ జరిగిందని వార్త చెబుతూ ఆఫీసులో ఇంటర్వ్యూ తీస్తే, వెనక బల్ల దగ్గర అంటించిన చీటీల్లో పాస్‌వర్డ్ టీవీలో కనపడిపోయింది.

"అవి కాగితం చీటీలు కదన్నా, నావి కంప్యూటర్ లోపల ఉన్నాయి" అంటారా? మనం రోజూ చేసే స్క్రీన్ షేర్ ఏంటి మరి? ఆన్‌లైన్ క్లాసులో ప్రెజెంటేషన్, జూమ్‌లో ఇంటర్వ్యూ, టీమ్స్‌లో మీటింగ్. తెర మొత్తం షేర్ చేస్తే, పక్కనున్న చీటీ నలభై మందికి కనిపిస్తుంది, ఎవరో ఒకరు రికార్డు కూడా చేస్తుంటారు. కెమెరా వాడు ఇంటికి రావక్కర్లేదు. అందుకని రెండు అలవాట్లు చేసుకోండి. షేర్ చేసేటప్పుడు మొత్తం తెర కాకుండా మీకు కావలసిన ఒక్క విండోనే ఎంచుకోండి. కుర్చీలోంచి లేచేటప్పుడు విండోస్ కీ, ఎల్ నొక్కి లాక్ చేయండి. హాస్టల్ రూములో అయితే ఇది ఇంకా ముఖ్యం, ఎందుకో హాస్టల్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

పాస్‌వర్డులు, యూపీఐ పిన్, ఏటీఎం పిన్, ఆధార్ నంబర్, కార్డు వెనక మూడంకెలు... ఇవేవీ చీటీలో రాయకండి. ఇందాక చెప్పిన ప్లమ్ ఫైల్‌కి తాళం ఏమీ లేదు. ఆ కంప్యూటర్‌లో మీ లాగిన్ తెరిచి ఉన్నప్పుడు ఎవరు కూర్చున్నా చదివేస్తారు, అడ్మిన్ హక్కులున్నవాళ్లూ చదవగలరు. పాస్‌వర్డుల కోసం బ్రౌజర్‌లోనో ఫోన్‌లోనో పాస్‌వర్డ్ మేనేజర్ ఉంటుంది, దాని పని దాన్ని చేసుకోనివ్వండి. ఇక కాలేజీ ల్యాబ్, నెట్ సెంటర్ లాంటి అందరూ వాడే కంప్యూటర్లలో స్టిక్కీ నోట్స్ అసలు తెరవకపోవడమే మంచిది. అక్కడ అందరిదీ ఒకే లాగిన్. మీరు రాసి వెళ్లిన చీటీ తర్వాతి బ్యాచ్‌కి నోటీసు బోర్డు అవుతుంది.

భయపెట్టింది చాలు, ఇక ఏం రాయాలో చూద్దాం. నా లెక్కలో చాలామంది చీటీలు పనిచేయకపోవడానికి కారణం యాప్ కాదు, రాసే తీరు.

"స్కాలర్‌షిప్". ఒక్క మాట. ఇలాంటి చీటీ మీ తెర మీద కూడా ఉండే ఉంటుంది. రోజూ చూస్తారు, చూసినప్పుడల్లా లోపల ఎక్కడో చురుక్కుమంటుంది, పని మాత్రం ముందుకి కదలదు. ఎందుకంటే అందులో చేయాల్సిన పని లేదు, భయం మాత్రమే ఉంది. దాన్నే ఇలా రాసి చూడండి: "బుధవారం కాలేజీ అయ్యాక మీ సేవకి వెళ్లి ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కి అప్లై చేయాలి. ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు తీసుకెళ్లాలి." ఆంధ్రాలో అయితే మీ సేవ బదులు సచివాలయం అనుకోండి. ఎప్పుడు, ఎక్కడ, చేతిలో ఏం ఉండాలి, అన్నీ వచ్చేశాయి. చివర్లో ఒక క్రియ ఉంది. చీటీలో క్రియ లేకపోతే అది చీటీ కాదు, బోర్డు.

ఇది నా సొంత కవిత్వం కాదు. మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. పూర్తికాని పని మనసులో ఊరికే తిరుగుతూ చేతిలో ఉన్న పనిని చెడగొడుతుంది. అయితే ఆ పనిని ఎప్పుడు, ఎలా చేస్తామో నిర్దిష్టంగా ప్లాన్ వేసుకుంటే, పని ఇంకా అవ్వకపోయినా ఆ గోల తగ్గుతుందని వాళ్లు చూపించారు. అంటే చీటీ సరిగ్గా రాస్తే పని అయ్యేలోపే తల కాస్త తేలికవుతుంది. "స్కాలర్‌షిప్" అని రాస్తే తేలికవదు.

రెండోది, సంఖ్య. తెర మీద మూడు, మహా అయితే నాలుగు. అంతకు మించి వద్దు. ఊరి బస్టాండ్ గోడ చూడండి. సినిమా పోస్టరు మీద కోచింగ్ సెంటర్ పోస్టరు, దాని మీద మూలశంక వైద్యం. ఒక్కటీ చదవం. మీ డెస్క్‌టాప్ మీద పద్నాలుగు చీటీలుంటే అవీ గోడలో కలిసిపోతాయి. ఒక్క చీటీ అయినా సరే, మూడు వారాలు ఒకే మూలన ఉంటే కన్ను దాన్ని చూడటం మానేస్తుంది. దానికి నేను చేసేది చాలా తేలికైన పని. కదలని చీటీకి రంగు మార్చి, తెరకి అవతలి వైపు పెడతాను. మళ్లీ కొత్తగా కనిపిస్తుంది. అలా రెండుసార్లు మార్చినా పని అవ్వలేదంటే ఆ పని నాకు నిజంగా అక్కర్లేదేమో అని ఆలోచించి, తీసేస్తాను. ఇందాక అనుకున్నాం కదా, చీటీకి ఊడిరావడం కూడా ఒక గుణమే అని.

ఎప్పుడూ మారని సమాచారం వేరు. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకి పదే పదే వాడే నాలుగు కమాండ్లు, కాల్ సెంటర్‌లో చేసేవాళ్లకి కస్టమర్‌కి చెప్పాల్సిన పద్ధతి మాటలు, డేటా ఎంట్రీ వాళ్లకి కోడ్ నంబర్లు. వీటికి ఒకే ఒక్క బూడిదరంగు చీటీ పెట్టండి. చేయాల్సిన పనులకి పసుపు. ఈ రెండూ కలపకండి చాలు. ఏడు రంగులున్నాయి కదా అని ఏడు రకాలుగా విభజించి పట్టిక వేసుకుంటే, ఆ పట్టిక గుర్తుపెట్టుకోవడానికి ఇంకో చీటీ కావాలి.

ఇంకా, ఫోన్‌లో మాట్లాడుతూ ఎవరైనా నంబరు చెబుతుంటే పెన్ను కోసం వెతుక్కునే బదులు కంట్రోల్ ఎన్ కొట్టి టైప్ చేసేయొచ్చు. ఆ చీటీని మాత్రం ఆ సాయంత్రమే ఖాళీ చేయాలి. నంబరు కాంటాక్ట్స్‌లోకి, తేదీ క్యాలెండర్‌లోకి, చీటీ చెత్తబుట్టలోకి.

తేదీ అంటే గుర్తొచ్చింది. స్టిక్కీ నోట్ మోగదు. మీరు కంప్యూటర్ ముందు లేకపోతే దాని వల్ల ఉపయోగం సున్నా. ఫీజు కట్టే ఆఖరు తేదీ, ట్రైన్ టైమ్, ఇంటర్వ్యూ ఇలాంటివి ఫోన్‌లో అలారమ్‌గానో, గూగుల్ క్యాలెండర్‌లోనో ఉండాలి. చీటీ మీద ఉండాల్సింది ఆ తేదీకి ముందు మీరు చేయాల్సిన పని. అప్లికేషన్ ఆఖరు తేదీ చీటీ మీదే రాసి, ఆ వారం ఊరెళ్లి, కంప్యూటర్ తెరవకుండా, ఒక ఏడాది పోగొట్టుకున్నవాళ్లు ప్రతి కాలేజీలో ఒకరుంటారు.

ఇంకో సాధారణ ఫిర్యాదు: "బ్రౌజర్ ఫుల్ స్క్రీన్ పెడితే చీటీ వెనక్కి పోతుంది, ఇక చూసేదెప్పుడు?" నిజమే. మ్యాక్‌లో స్టిక్కీస్‌కి అన్నిటికంటే పైన తేలేలా పెట్టే ఆప్షన్ ఉంది. విండోస్‌లో పాత స్టిక్కీ నోట్స్‌కి అది లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్లదే పవర్‌టాయ్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే, చీటీ మీద క్లిక్ చేసి విండోస్, కంట్రోల్, టి కలిపి నొక్కితే అది పైనే ఉండిపోతుంది. ఏదీ వేసుకోవడం ఇష్టం లేకపోతే బ్రౌజర్‌ని కొంచెం సన్నగా చేసి కుడివైపు జానెడు జాగా వదిలేయండి. కొత్త స్టిక్కీ నోట్స్‌లో అయితే దాన్ని తెర అంచుకి అతికించి పెట్టుకునే ఏర్పాటు యాప్‌లోనే ఉంది.

మ్యాక్ వాడేవాళ్లకి ఒక్క మాట. స్టిక్కీస్‌లో రాసినవి ఐఫోన్‌లోకి రావు, అవి ఆ మ్యాక్‌లోనే ఉంటాయి. ఫోన్‌లోకి కూడా కావాలంటే యాపిల్ నోట్స్ వాడండి. లినక్స్ మింట్‌లో స్టిక్కీ అనే యాప్ వస్తుంది, కేడీఈ వాడేవాళ్లకి నోట్స్ విడ్జెట్ ఉంది. గూగుల్ కీప్ సంగతి కూడా అడుగుతారు మీరు. 2013 నుంచి ఉంది, ఫోన్‌కి అది మంచిదే, మనందరికీ గూగుల్ అకౌంట్ ఉంటుంది కాబట్టి సులువు కూడా. కానీ కంప్యూటర్‌లో అది బ్రౌజర్ ట్యాబ్‌లో ఉంటుంది. ముప్పై ట్యాబుల మధ్యలో ఒక ట్యాబ్. తెర మీద ఎదురుగా అంటుకుని ఉండదు. దాచుకోవడానికి కీప్, ఎదురుగా ఉండటానికి స్టిక్కీ నోట్స్, నేనైతే అలా పంచుకుంటాను.

ఇప్పుడే కంప్యూటర్ ముందున్నవాళ్లు ఈ ట్యాబ్ మూసేముందు ఒక పని చేయండి. స్టిక్కీ నోట్స్ తెరిచి, కంట్రోల్ హెచ్ కొట్టి, ఆ లిస్టు కింద దాకా చూడండి. ఎప్పుడో ఇంటూ కొట్టి పోయాయనుకున్న చీటీలు అక్కడే ఉండొచ్చు. అందులో పాస్‌వర్డో, పిన్నో కనిపిస్తే ఆ చీటీ డిలీట్ చేసి, డిలీటెడ్ ఐటమ్స్‌లోంచి కూడా తీసేసి, ఆ పాస్‌వర్డ్ మార్చేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో విండోస్ కీ, వి కలిపి నొక్కితే వచ్చే క్లిప్‌బోర్డ్ హిస్టరీ గురించి మాట్లాడుకుందాం. అది ఆన్ చేసి ఉంటే మీరు కాపీ చేసిన ఆఖరి పాతిక ముక్కలు అందులో దాక్కుని ఉంటాయి, చాలామందికి అది ఉందనే తెలియదు. ఉంటాను ఫ్రెండ్స్.